శిక్ష చక్రమునకా? పొయ్యికా?

నేరమునకు శిక్ష యుండవలెననుట అందఱును అంగీకరించిన ధర్మము. ఆ శిక్ష నేరమునకు తగినదై, నేరము చేసినవానిపైననే పడవలెననుటయు అంతే ప్రాచీనమైన ధర్మము. ఈ రెండవ ధర్మమును మన మోటారు వాహనముల చట్టమును అమలుజరుపువారు మఱచుచున్నారని మేము తలంచుచున్నాము. బండి తోలి బ్రదుకువాని లైసెన్సును మూడు నెలలు నిలిపినచో ఆగునది బండిచక్రము మాత్రమే కాదు. వాని యింటి పొయ్యియు ఆఱిపోవును. సొంతకారులో తిరుగు శ్రీమంతుని లైసెన్సును అదే మూడు నెలలు నిలిపినచో ఆయన జీతమిచ్చి యొక డ్రైవరును పెట్టుకొని, తాను వెనుకసీటులోనికి మాఱును. ఒకే కాగితముపై ఒకే అక్షరములతో వ్రాసిన శిక్ష ఒకనికి చిన్న అసౌకర్యము, మఱియొకనికి ఉపవాసము. దీనిని సమన్యాయమని యెట్లు పిలువగలము?

మమ్ము అపార్థము చేసికొనకుండుటకై ముందుగా ఒక మాట చెప్పెదము. రోడ్లపై మదించి తిరుగువారికి మేము వకీళ్లము కాము. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వమువారే లెక్క చూపిరి. దినమునకు 460 మందికి మించి. ఏ యుద్ధమును లేకుండగనే, ఏ మహమ్మారియు సోకకుండగనే, ఇన్ని యిండ్లలో ఏడ్పు వినవచ్చుచున్నది. వారిలో పాదచారులు కలరు, బడికి పోవు బిడ్డలు కలరు, సైకిలుమీద పనికి పోవు కూలీలు కలరు. త్రాగి బండి నడిపినవానిని, కన్ను మిన్ను గానక నడిపి యొకని ప్రాణము తీసినవానిని చక్రమునుండి దూరముగ నుంచవలసినదే. అట్టివానికి జాలి చూపుడని మేము కోరుట లేదు. మా ప్రశ్న వేఱు. ప్రాణము తీసిన తప్పునకును, నియమము తప్పిన తప్పునకును ఒకే గొడ్డలి నుపయోగించుట న్యాయమా? అట్లు చేసినందువలన రోడ్డు నిజముగ క్షేమకరమగుచున్నదా?

సికింద్రాబాదు సంగతి చూతము. నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన యీ దండు బజారు, రైలు వచ్చిన పిమ్మట మహానగరమైనది. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిన నాటినుండి నేటివఱకు ఈ జంటనగరముల బ్రదుకు చక్రముమీదనే నడచుచున్నది. తెల్లవాఱుజామున రైలు దిగిన ప్రయాణికుని మల్కాజిగిరికో, అల్వాలుకో, తార్నాకకో చేర్చువాడు ఆటోవాడు. బోయినపల్లి మార్కెటుకు కూరగాయలు తెచ్చువాడు లారీవాడు. మోండా మార్కెటునుండి దుకాణములకు సరకు చేరవేయువాడు ట్రాలీవాడు. రాణీగంజిలో మోటారు సామానుల దుకాణములు వరుసలు దీఱి యుండుటకు కారణము ఈ చక్రములే. మారేడుపల్లిలోను, కార్ఖానాలోను వాకిటి గంట మ్రోగించి భోజనపు పొట్లము చేతికిచ్చి పోవు యువకుని తిండియు ఆ చక్రముమీదిదే. వీరికి డ్రైవింగు లైసెన్సు షికారునకు అనుమతి కాదు. అది రైతునకు పొలమువంటిది, నేతగానికి మగ్గమువంటిది. పొలమును మూడు నెలలు బీడు పెట్టుమని రైతును శిక్షించు చట్టమును మనము సహింతుమా?

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. పరపాలనలో 1914లో నొకటి, 1939లో మఱియొకటి మోటారు చట్టములు వచ్చినవి. ఇప్పుడమలులో నున్నది 1988వ సంవత్సరపు చట్టము. దాని 19వ సెక్షను లైసెన్సింగు అధికారికి లైసెన్సుదారుని అనర్హునిగ ప్రకటించుటకును, లైసెన్సును రద్దుచేయుటకును అధికారమొసగినది. 2015వ సంవత్సరము ఆగస్టులో రోడ్డు భద్రతకై సుప్రీముకోర్టువారు నియమించిన సంఘము, అతివేగము, ఎఱ్ఱదీపము దాటుట, అధికభారము, సరకుబండిలో మనుష్యుల నెక్కించుట, త్రాగి నడుపుట, నడుపుచు ఫోనులో మాటలాడుట అను తప్పులకు మూడు నెలలకు తక్కువగాకుండ లైసెన్సు నిలుపుడని రాష్ట్రములను ఆదేశించెను. 2017లో తెలంగాణ ప్రభుత్వమువారు తప్పులకు మార్కులు వేయు పద్ధతిని ప్రవేశపెట్టి, 24 నెలలలో 12 మార్కులు చేరినచో లైసెన్సు ఒక సంవత్సరము నిలిచిపోవునని చాటిరి. 2019లో పార్లమెంటు చట్టమును మఱింత బిగించెను. ఆ సవరణ ననుసరించి కొన్ని తప్పులకు పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనపఱచుకొని లైసెన్సింగు అధికారికి పంపవలెను. ఆ అధికారి విచారించి, మొదటి తప్పునకు మూడు నెలల అనర్హత విధింపవచ్చును. రెండవ తప్పునకు లైసెన్సునే రద్దుచేయవచ్చును. గడువు తీఱిన తరువాతనైనను, శిక్షణ తరగతి ముగించినగాని లైసెన్సు తిరిగి చేతికి రాదు.

ఈ తప్పుల పట్టికలో హెల్మెట్టు లేకుండ మోటారుసైకిలు నడుపుటయు, దానిపై ముగ్గురెక్కుటయు చేరినవి. హెల్మెట్టు లేనందుకు 1,000 రూపాయల జరిమానాయు, మూడు నెలల అనర్హతయు చట్టములో వ్రాసి యున్నవి. మేము హెల్మెట్టును వలదనుట లేదు. తలను కాపాడు వస్తువును తలమీద పెట్టుకొమ్మని చెప్పుటకు చట్టము కావలసివచ్చుటయే మనకు సిగ్గుచేటు. అయినను పాఠకులు ఈ న్యాయమును పరిశీలింతురు గాక. ఒక ఆటో డ్రైవరు తన సెలవునాడు పక్కవీధిలోని దుకాణమునకు హెల్మెట్టు లేక మోటారుసైకిలుపై పోయి పట్టువడెననుకొందము. వాని తప్పు మోటారుసైకిలుమీదిది. వాని జీవనము ఆటోమీదిది. ఆటోకు హెల్మెట్టుతో పనియే లేదు. కాని లైసెన్సు కాగితము ఒకటే గనుక మూడు నెలలు రెండు బండ్లును ఆగవలె నన్నచో, తప్పొక చోట, దెబ్బ మఱియొక చోట. ఆటోకై తెచ్చిన అప్పునకు కిస్తీ ఆగదు. ఇంటి అద్దె ఆగదు. బిడ్డల బడి ఫీజు ఆగదు. ఆగునది వాని సంపాదన యొక్కటియే. ఈ అధికారము నిన్న ఎంతమందిపై ప్రయోగింపబడినది, నేడు ఎంతమందిపై ప్రయోగింపబడుచున్నది అను లెక్క ముఖ్యము కాదు. పుస్తకములో నున్న త్రాడు ఏనాడైనను మెడకు చుట్టుకొనగలదు. రాజు తలచిన దెబ్బలకు కొదువా?

దీనికి మందు లేదా? ఉన్నది. ఆశ్చర్యమేమన, అది ఆ చట్టములోనే యున్నది. 19వ సెక్షనులో అనర్హత విధించు అధికారమును నిర్వచించుచు, లైసెన్సులో పేర్కొనబడిన అన్ని తరగతుల వాహనములకు గాని, వానిలో ఏదేని యొక తరగతికి గాని అనర్హత విధింపవచ్చునని శాసనకర్తలు స్పష్టముగ వ్రాసిరి. న్యాయస్థానములకు అధికారమిచ్చు 20వ సెక్షనులోను ఇదే యర్థము కలదు. 10వ సెక్షను మోటారుసైకిలు వేఱు, తేలికబండి వేఱు, రవాణాబండి వేఱు అని తరగతులను విడదీసినది. అనగా మోటారుసైకిలుపై తప్పు చేసినవానికి మోటారుసైకిలునే నిషేధించి, ఆటోను విడిచిపెట్టుటకు అధికారికి నేడే చేతిలో కలము కలదు. క్రొత్త శాసనము అక్కఱలేదు, గజెట్టు అక్కఱలేదు, ఢిల్లీకి పోనక్కఱలేదు. ఉత్తరువులో నొక వాక్యము చాలును. ఆ వాక్యమును వ్రాయుటకు కావలసినది కొంచెము ఓపిక, కొంచెము దయ, ఎదుట నిలిచినవాడు ఏమి చేసి బ్రదుకుచున్నాడని యడుగు నొక ప్రశ్న. తిరుమలగిరిలోని ప్రాంతీయ రవాణా కార్యాలయము మొదలు రాష్ట్రములోని ప్రతి కార్యాలయమునను ఈ ప్రశ్న అడుగబడవలెనని మా కోరిక.

ఈ సందర్భమున బండి తోలువారు తమ హక్కులను తెలిసికొనవలెను. లైసెన్సును స్వాధీనపఱచుకొనుట పోలీసువారి పని. దానిని నిలుపుట వారి పని కాదు. లైసెన్సును నిలుపు అధికారము లైసెన్సింగు అధికారిదే గాని పోలీసులది కాదని 2022లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పినది. లైసెన్సింగు అధికారియైనను లైసెన్సుదారుని వాదము వినకుండ ఉత్తరువు చేయరాదు. కారణములను వ్రాతమూలకముగ తెలుపవలెను. ఉత్తరువు అందిన 30 దినములలో పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఇన్ని యుండగా ఎంతమంది వీనిని వినియోగించుకొనుచున్నారు? నోటీసు వచ్చినచో దానిని చదువువాడు లేడు. చదివినను జవాబు వ్రాయువాడు లేడు. కార్యాలయమునకు పోయినచో ఒక దినపు గిరాకి పోవునని భయము. దళారికి నాలుగు నోట్లిచ్చి పని జరిగినదనుకొని తిరిగి వచ్చుచున్నారు. తెలియని హక్కు లేని హక్కుతో సమానము. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు మహాశయులు ఆటో స్టాండునకు పోయి ఈ నాలుగు మాటలను చదివి వినిపించినచో అదియే గొప్ప దేశసేవ.

అయితే తప్పు జీవనపు బండిమీదనే జరిగినచో నేమి? ఆటోవాడు ఎఱ్ఱదీపము దాటెను. భోజనపు పొట్లముల యువకుడు ఫోను చూచుచు నడిపెను. అట్టిచోట తరగతుల విభజన పనికిరాదు. ఇక్కడనే క్రొత్త శాసనము కావలసియున్నది. అనర్హతకును, పూర్ణస్వేచ్ఛకును నడుమ నొక మెట్టు ఉండవలెను. కొంతకాలము పూర్తిగ నిలిపి, పిమ్మట పగటివేళలలో, పేర్కొన్న బండిమీద, పేర్కొన్న పనికి మాత్రమే నడుపుటకు షరతులతో కూడిన పరిమిత అనుమతి నీయవలెను. షరతు తప్పినచో పూర్తి శిక్ష తిరిగి మొదటినుండి ప్రారంభము కావలెను.

ఇది మా కల్పన కాదు. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమున త్రాగి నడిపి శిక్షింపబడినవానికి సైతము, మొదటి తప్పైనచో, న్యాయాధికారి పరిమిత అనుమతి నీయగలడు. సోమవారము మొదలు శుక్రవారము వఱకు ఉదయము 6 గంటలనుండి రాత్రి 8 గంటలవఱకు పని నిమిత్తము నడుపుటకు సామాన్యముగ ఆ యనుమతి చెల్లును. రక్తములో మద్యము మితిమీఱి కనబడినవాడు ఊపిరిని పరీక్షించి మద్యమున్నచో ఇంజను కదలనీయని యంత్రమును బండికి బిగించుకొనవలెను. ఆ రాష్ట్రపు రాలీ, షార్లట్ నగరములలో మన తెలుగువారనేకులు నివసించుచున్నారు. వారిని అడిగి తెలిసికొనవచ్చును. న్యూజిలాండులో 28 దినములు పూర్తిగ చక్రము ముట్టకుండ నుండిన పిమ్మట, తనకు దుర్భరమైన కష్టము గాని, ఇతరులకు అనుచితమైన కష్టము గాని కలుగునని ఋజువు చేసినవానికి న్యాయస్థానము వేళలు, పని, బండి నిర్ణయించి పరిమిత లైసెన్సు నిచ్చును. బ్రిటనులో ఇట్టి పరిమిత లైసెన్సు లేదు. అయినను మార్కులు నిండినవాడు అసాధారణమైన కష్టము నిరూపించినచో న్యాయస్థానము అనర్హతను తగ్గింపవచ్చును, మానవచ్చును. ఆ బ్రిటనువారి చట్టపు సంప్రదాయమునుండియే మన చట్టము పుట్టినది. కఠినత్వమును దిగుమతి చేసికొని, కనికరమును ఓడలోనే విడిచి వచ్చితిమా?

ఈ మార్గమును కాదనువారు మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది, పరిమిత అనుమతి యిచ్చినచో రోడ్డుమీద ప్రాణభయము పెరుగునని. మేము దీనికి తలక్రిందుగ వాదింతుము. పొట్టకు వేఱు దారి లేనివాడు లైసెన్సు లేదని ఇంట కూర్చుండడు. రాత్రివేళ, సందులవెంట, పోలీసును చూచి పరుగెత్తుచు నడుపును. పట్టువడినచో మూడు నెలల ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని కలుగునని 182వ సెక్షను చెప్పుచున్నది. ఆ భయముతో నడుపువాడు నెమ్మదిగ నడుపునా? ప్రమాదము జరిగినచో ఆగునా, పాఱిపోవునా? అంతేకాదు, అనర్హుడు నడిపిన బండి ఎవరినైన గాయపఱచినచో బీమా సంస్థ వెంటనే లైసెన్సు సంగతి ఎత్తును. డ్రైవరు అనర్హుడైనంత మాత్రమున బీమా సంస్థ తప్పించుకొనలేదని, యజమాని అజాగ్రత్తను నిరూపింపవలెనని సుప్రీముకోర్టు 2004లో స్వరణ్ సింగు కేసులో తీర్పు చెప్పి గాయపడినవారికి కొంత రక్ష కల్పించినది. కాని ఆటోకు యజమానియు, డ్రైవరును ఒక్కడే యైనచో, తన అనర్హత తనకు తెలియదని వాడు చెప్పగలడా? సంస్థ చెల్లించినను ఆ సొమ్మును వానిమీద రాబట్టుకొనుటకు చూచును. గాయపడినవాడు ఏండ్ల తరబడి ట్రిబ్యునలు చుట్టు తిరుగును. షరతులతో, బీమాతో, పగటి వెలుతురులో నడుపువాడు మేలా? ఏ షరతును లేక చీకటిలో నడుపువాడు మేలా? రోడ్డు దాటు పాదచారియే ఈ ప్రశ్నకు జవాబు చెప్పును గాక.

రెండవ ఆక్షేపణ, ప్రతివాడును జీవనమని మొఱపెట్టునని. పెట్టనిండు, ఋజువు అడుగుడు. ఆటో పర్మిటు, బండి రిజిస్ట్రేషను, కిస్తీ రసీదు, పనిలో పెట్టుకొన్నవాని జీతపు చీటి, ఇవన్నియు కాగితములే. కొడుకు షికారు కారును జీవనాధారమని చూపువానిని గుర్తింపలేని అధికారి ఏ పనికి పనికివచ్చును? మూడవ ఆక్షేపణ, షరతులు పాటించుచున్నాడో లేదో చూచుట కష్టమని. కూడలి కూడలికి కెమెరాలు పెట్టి, బండి నంబరు చూచి ఇంటికి చలానా పంపు ప్రభుత్వము ఈ మాట చెప్పరాదు. జరిమానా వసూలునకు పనికివచ్చు కన్ను న్యాయమునకు గ్రుడ్డిదగునా?

అయినను మేము గీత గీయుదుము. కిరాయిబండిని త్రాగి నడిపినవానికి, అజాగ్రత్తచే మనిషిని చంపినవానికి, గాయపఱచి ఆగక పాఱిపోయినవానికి పరిమిత అనుమతి ఈయరాదు. వెనుక అపాయకరముగ నడిపి శిక్షపడి, తిరిగి ప్రాణనష్టమో, తీవ్రగాయమో కలిగించినాడని కేసు నమోదైనవాని లైసెన్సు విచారణకు ముందే నిలిచిపోవునని 21వ సెక్షను చెప్పుచున్నది. దానిని మేము సమర్థించుచున్నాము. బిడ్డల ఆకలి పేరు చెప్పి పరుల బిడ్డల ప్రాణములతో ఆడుకొనుట ఎవరికిని హక్కు కాదు. కాని గోటితో పోవుదానికి గొడ్డలి వలదు.

నేరమునుండి జీవనమును విడదీసి చూచుట మన న్యాయస్థానములకు క్రొత్త కాదు. త్రాగి నడిపినవానితోపాటు త్రాగని, లైసెన్సు గల మఱియొకడు బండిలో నున్నచో బండిని అతనికి అప్పగింపవలెనే గాని పోలీసులు పట్టి యుంచరాదని 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. తప్పు మనిషిది, బండిది కాదని దాని భావము. అదే వివేకముతో మఱియొక అడుగు వేయుడని మేము కోరుచున్నాము: తప్పు మనిషిది, వాని భార్యాబిడ్డలది కాదు.

కావున మేము కోరునవి మూడు. లైసెన్సింగు అధికారులు జీవనపు బండికి సంబంధింపని తప్పులలో ఆ తప్పు జరిగిన తరగతికి మాత్రమే అనర్హత విధింపవలెనని రాష్ట్ర రవాణాశాఖవారు వెంటనే సూచన లీయవలెను. నోటీసులు తెలుగులోను, ఉర్దూలోను పంపవలెను. వానిలో విచారణ దినము, అప్పీలు గడువు స్పష్టముగ నుండవలెను. చిన్న తప్పులలో షరతులతో కూడిన పరిమిత లైసెన్సునకై చట్టమును సవరింపవలెను. మోటారు వాహనముల విషయము మన రాజ్యాంగములో ఉమ్మడి పట్టికలోనిది. పార్లమెంటు మేలుకొనువఱకు కాచియుండనక్కఱ లేదు. రాష్ట్ర శాసనసభ బిల్లు నామోదించి రాష్ట్రపతి సమ్మతి పొందినచో ఈ రాష్ట్రమున అది చెల్లును. ఇంతవఱకు ఏ శాసనసభ్యుడు ఈ బిల్లు తెచ్చెను? ఎన్నికలనాడు ఖాకీచొక్కా తొడిగి ఆటో నడిపి ఫోటో తీయించుకొను నాయకులు, ఆ చొక్కా వెనుక నున్న కడుపును సభలో నెన్నడు తలంచిరి?

పరప్రభుత్వము ప్రజను అనుమానించి, భయపెట్టి పాలించెను. దానికి ప్రజ పరాయిది. స్వరాజ్యమున చట్టము తండ్రివలె నుండవలెను. తప్పు చేసిన కొడుకును తండ్రి దండించును, కాని వాని విస్తరిని లాగివేయడు. ఆటో సంఘములవారలారా, మీరు పెట్రోలు ధర పెరిగిననాడు మాత్రమే రోడ్డెక్కక, ఈ న్యాయముకొఱకును అర్జీలు వ్రాయుడు. అదే అర్జీలో హెల్మెట్టు పెట్టుకొందుమని, త్రాగి నడుపమని, ఎఱ్ఱదీపము దాటమని మీ ప్రతిజ్ఞయు వ్రాయుడు. బాధ్యత నంగీకరించి అడిగినవాని కోరికను కాదనుట ఏ ప్రభుత్వమునకైనను కష్టము. శాసనకర్తలారా, రోడ్డుమీది ప్రాణమును కాపాడుడు. ఇంటిలోని పొయ్యిని ఆర్పకుడు. ఈ రెండును ఒకే చట్టముతో చేయుట సాధ్యమే.